కాళ్లు తిత్తుల మీద, చెవి సంఘం మీద

గుడిలో, అంటే చర్చిలో, ఆర్గన్ వాయించేవారి పని ఆదివారం ఉదయం గంటన్నరతో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మా సంఘ పెద్దలు కూడా, ముఖ్యంగా గౌరవ వేతనం మాట వచ్చినప్పుడు, అలాగే అనుకుంటారు. ఆదివారం ఏ పాటలు పాడాలో పాస్టరు అయ్యగారు శుక్రవారం రాత్రికి గాని చెప్పరు. శనివారం సాయంత్రం పిల్లల క్లాసు, అది ముగియగానే గాయక బృందం సాధన. మధ్యలో పెళ్లి పడితే పెళ్లి, ఎవరైనా పోతే సమాధి ఆరాధన. విజయనగరంలో కంటోన్మెంటు వైపు ఒక పాత మిషను గుడిలో ఈ పని చేస్తూ, మిగతా సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు గాత్రం, కీబోర్డు నేర్పుతూ బతుకుతున్నాను. ఈ దారిలోకి ఎలా వచ్చారు, ఎంతకాలం నేర్చుకోవాలి, దీని మీద బతకవచ్చా అని అడిగేవారు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది.

మా ఊళ్లో పుట్టినవారికి సంగీతం అనగానే మహారాజా సంగీత కళాశాలే గుర్తుకొస్తుంది. 1919లో పూసపాటి విజయరామ గజపతి పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. నేనూ ఆ గడప తొక్కి గాత్రం నేర్చుకున్నాను. ఇంట్లో మాత్రం ఆదివారం గుడి, రాత్రి కుటుంబ ప్రార్థన, నాన్నగారి చేతి హార్మోనియం. పొద్దున్న మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, సాయంత్రం పాటల పుస్తకం. ఈ రెండిటికీ పొత్తు కుదరదని ఎవరూ నాకు చెప్పలేదు కాబట్టి నేనూ అలా అనుకోలేదు. ఆ మాటకొస్తే వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే. ద్వారం వారి చేతిలో దాన్ని విన్న ఊరు పరాయి వాద్యమని ఇంకొకదాన్ని గుమ్మం బయట నిలబెట్టడం అన్యాయం.

మా గుడిలో అప్పటిదాకా ఆర్గన్ వాయించినది రిటైరైన ఒక స్కూలు మాస్టారు. కీళ్లవాతంతో ఆయన వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పిలిచి, “అమ్మాయ్, నీకు స్వరజ్ఞానం ఉంది. కాళ్ల పని, కంటి పని నేను నేర్పుతాను. రేపటి నుంచి రా,” అన్నారు. కాళ్ల పని అంటే ఆర్గన్‌కు గాలి ఆడించే తిత్తులు తొక్కడం. కంటి పని అంటే నొటేషను, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం.

ఐదు గీతల నొటేషను దగ్గరే చాలామంది బెదిరిపోతారు. మాస్టారు నన్ను నేరుగా దాని మీదికి తోయలేదు. బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీశారు. అందులో గీతలూ చుక్కలూ లేవు. డో, రే, మీ అనే పేర్ల తొలి అక్షరాలే పాట పొడవునా అచ్చు వేసి ఉన్నాయి. దాన్ని టానిక్ సోల్ఫా అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సారా గ్లోవర్ మొదలుపెడితే జాన్ కర్వెన్ ఊరూరా వ్యాపింపజేశాడు. నొటేషను రాని కూలివాళ్లు, బడిపిల్లలు కూడా నాలుగు గొంతులతో పాడాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. మిషనరీల వెంట అది లోకమంతా తిరిగింది. నాకు అందులో తెలియనిదేమీ కనబడలేదు. మనం శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే అక్కడే స. వాళ్లకు ఆధార స్వరం ఎక్కడ ఉంటే అక్కడే డో. సరిగమలు పాడుకున్న నోటికి ఆ పుస్తకం ఇట్టే లొంగింది. అక్కడి నుంచి ఐదు గీతలకు వెళ్లేసరికి ఆ చుక్కల్లో స్వరాల ఎత్తుపల్లాలు కనిపించసాగాయి.

పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన ధీరశంకరాభరణ రాగం. హార్మోనిక్ మైనర్ కీరవాణి. సహజ మైనర్ నఠభైరవి. ఈ మూడూ తెలిస్తే పాశ్చాత్య పాటల పుస్తకంలో తొంభై పాళ్లు చేతికి వచ్చినట్టే అనేవారు మాస్టారు. కష్టమల్లా నాలుగు గొంతుల దగ్గర వచ్చింది. పైన సొప్రానో, కింద ఆల్టో, ఆ తర్వాత టెనర్, అడుగున బేస్. కర్ణాటక సంగీతం ఒక్క గొంతు వెంట నడిచే సంగీతం. నా చెవి ఎప్పుడూ పై వరుసనే పట్టుకుని పోయేది. ఆయన విరుగుడు ఒకటే. బేస్ వరుసను స్వరాలతో పాడాలి, అదే సమయంలో చేతులతో పై మూడు వరుసలు వాయించాలి. తర్వాత టెనర్ పాడుతూ మిగతావి. అలా ఒక్కో వరుస నోటికి రానిదే పాట పూర్తయినట్టు ఒప్పుకునేవారు కాదు. ఇంట్లో బియ్యం ఏరుతూ కూడా బేస్ వరుసలు పాడుకునేదాన్ని. మా అమ్మకు అది సంగీతంలాగే వినపడేది కాదు.

ఇక వాద్యం సంగతి. మాది కాళ్లతో తొక్కే రీడ్ ఆర్గన్. రీడ్లంటే గాలికి అదిరి పలికే ఇత్తడి నాలుకలు. నాటకాలవాళ్లు వాడే లెగ్ హార్మోనియానికి దగ్గర బంధువు, కాని లోపలి పని వేరు. హార్మోనియంలో తిత్తి గాలిని రీడ్ల మీదికి నెడుతుంది. మా ఆర్గన్ లాంటి అమెరికా తరహా వాటిలో తిత్తి గాలిని లోపలికి పీలుస్తుంది. అందుకే దాని నాదం మెత్తగా, కాస్త వెనకగా ఉంటుంది. మెట్టు (కీ) గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే. పెంచాలన్నా తగ్గించాలన్నా కాళ్లు, మోకాలి పక్కన ఉండే చెక్క మీట. పియానోలా పెడల్ నొక్కి నాదాన్ని నిలబెట్టుకునే వీలు లేదు. వేలు లేచిందంటే స్వరం తెగిందన్నమాటే. కాబట్టి ఒక మెట్టును ఒక వేలితో నొక్కి ఉంచి, అది లేవకుండానే దాని మీదికి ఇంకో వేలిని మార్చుకోవాలి. ఈ వేళ్ల మార్పిడి వచ్చేదాకా నా వాయింపు నత్తిగానే ఉండేది. కీబోర్డు నుంచి వచ్చే పిల్లలకు ఇప్పుడు నేను మొదట నేర్పేది ఇదే.

పాశ్చాత్య బాణీల పాటల్లో ఇంకో చిక్కుంది. అవి ఛందస్సు లెక్కతో వచ్చినవి. కామన్ మీటర్ అంటే పాదానికి 8, 6, 8, 6 అక్షరాలు. లాంగ్ మీటర్ అంటే నాలుగు పాదాలూ 8. లెక్క కుదిరితే ఒక పాటను ఇంకో పాట బాణీలో పాడుకోవచ్చు. పుస్తకం చివర మీటర్ల పట్టిక ఉండేది అందుకే. తెలుగులోకి తెచ్చినవారు అక్షరాల లెక్క సరిపెట్టారు గాని, మన దీర్ఘాలు, ద్విత్వాలు ఆ బాణీ దెబ్బల మీద ఎక్కడ పడతాయో అన్నిచోట్లా చూసుకోలేకపోయారు. చాచిన స్వరం కింద హ్రస్వం, చిటికెలో పోయే స్వరం కింద దీర్ఘం. దీన్ని జనమే సరిదిద్దుకున్నారు. వేగం తగ్గించి, పొట్టి స్వరాన్ని సాగదీసి, మధ్యలో చిన్న గమకం, అంటే స్వరానికి ఒక ఊపు, పెట్టి పాడతారు. పుస్తకం ప్రకారం వాయిస్తే సంఘం ఒకవైపు, ఆర్గన్ ఒకవైపు. నేను సంఘం వైపే ఉంటాను.

అసలు విద్య ఆంధ్ర క్రైస్తవ కీర్తనల దగ్గర మొదలవుతుంది. మన పక్కనే పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలోనే రాగతాళాలతో కీర్తనలు రాశారు. పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. వాటిని నాలుగు గొంతుల ఆర్గన్ మీద ఎలా వాయించాలో ఏ పుస్తకమూ చెప్పదు. మోహన రాగం తీసుకోండి. స రి గ ప ద. ఐదే స్వరాలు. కీబోర్డు నేర్చిన కుర్రాళ్లు సి మీద స పెట్టుకుని, అలవాటుగా సి, ఎఫ్, జి మూడు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) వేసేస్తారు. ఎఫ్ కార్డులో మ ఉంది, జి కార్డులో ని ఉంది. రెండూ మోహనలో లేవు. కార్డు పడగానే రాగం ముఖం మారిపోతుంది. పాడేవారికి కారణం తెలియదు గాని ఏదో అడ్డం వచ్చినట్టు గొంతు తగ్గిస్తారు. ‘సి’ కార్డు, ‘ఎ’ మైనర్ కార్డు వరకే మోహన ఒప్పుకుంటుంది. మాయామాళవగౌళ ఇంకా గట్టిది. స గ ప కలిపితే నిండుగా ఉంటుంది. ప మీద కార్డు కట్టబోతే శుద్ధ రిషభం వచ్చి కూర్చుని, ప నుంచి ఐదో స్వరం కుదరక గరగరమంటుంది. ఇక ఆనందభైరవి లాంటివాటిలో ప్రాణమంతా గమకంలోనే. నిలకడగా ఒకేచోట మోగే రీడుకు ఆ ఊపు రాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బయటికి పంపింది. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. అప్పటి వాదనల్లో ఒకటి ఈ గమకం సంగతే. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేను.

ఏళ్ల తరబడి వాయించి నేను కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను. కీర్తనకు ఎడమ చేతిలో స, ప మాత్రమే పట్టుకుంటాను, తంబురా లాగా. గాంధారాన్ని పాడేవారికే వదిలేస్తాను. కుడి చేత్తో సాహిత్యం వెంట నడుస్తాను గాని ప్రతి స్వరమూ వాయించను. గమకం వచ్చే చోట వేలు ఎత్తేస్తాను. అక్కడ గొంతులు వాటంతట అవే పలుకుతాయి. పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు, రాగం ఒప్పుకుంటే, ఒక్క నిండు కార్డు. ఇంతే. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు ఇది పేదవాయింపులా అనిపిస్తుంది. చేతులు ఖాళీగా ఉంటే వాయించనట్టు వాళ్లకు బెంగ.

పుస్తకంలో ఉన్న రాగమే జనం నోట ఉంటుందన్న భరోసా కూడా లేదు. తరాలు దాటి నోటి నుంచి నోటికి వచ్చేసరికి బాణీ ఊరికొక తీరుగా మారింది. పార్వతీపురం వైపు ఆడపడుచు పెళ్లయి మా ఊరు వస్తే, అదే కీర్తన చరణంలో ఆమె పైకి వెళ్లేచోట మావాళ్లు కిందికి దిగుతారు. అందుకని నేను స్వరాలు రాసుకునేటప్పుడు ముందు వరుసలో కూర్చునే ఒక మామ్మ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆవిడకు చదువు రాదు, కీర్తనల పుస్తకం దాదాపు అంతా నోటికి వచ్చు. గోడకు చేరగిలబడి, కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ పాడేది. నేను రాసుకున్నది పాడి వినిపిస్తే వేలు అడ్డంగా ఊపేది. “అక్కడ ఆగకూడదమ్మా. ఆ మాటను పట్టుకుని అవతలి మాట దాకా తీసుకుపోవాలి. మధ్యలో వదిలేస్తే ప్రార్థన తెగిపోతుంది.” మిశ్రచాపు తాళం కీర్తనల్లో మూడు, నాలుగు దెబ్బల విరుపు ఆవిడ అరచేతి నుంచే నాకు పట్టుబడింది. ఆమె పోయేలోగా రాసుకోగలిగినన్ని రాసుకున్నాను. ఆ నోటు పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర ఆర్గన్ కంటే విలువైనవి.

శ్రుతి గురించి ఒక్క మాట. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతికి (సి, సి షార్ప్) హాయిగా పాడతారు, ఆడవారికి ఐదు, ఐదున్నర (జి, జి షార్ప్) కావాలి. సంఘంలో అందరూ కలిసి పాడాలి. పాత పుస్తకాల్లో అచ్చయిన పాశ్చాత్య బాణీలు చాలావరకు మనవాళ్లకు ఎత్తు. నేను ఒకటి, ఒకటిన్నర స్వరం దించి వాయిస్తాను. ఉదయం తొలి ఆరాధనకు ఇంకాస్త దించాలి. అప్పటికి ఎవరి గొంతూ లేవదు. కీబోర్డు మీద దీనికి ట్రాన్స్‌పోజ్ మీట ఉంది. పెళ్లిలో గాయకుడు మైకు పట్టుకుని “కొంచెం దించండి” అన్నప్పుడు ఆ మీటను నేనూ వాడతాను. నేర్చుకునే పిల్లలకు మాత్రం దాన్ని ముట్టుకోనివ్వను. అన్నీ సి నుంచే వాయించి మీట తిప్పుకునేవాడికి డి ఎక్కడుందో చెవికి ఎప్పటికీ తెలియదు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అక్టోబరు 12, ఆదివారం. ఆరోజు ఆరాధన ఊసే లేదు. గుడి పెంకులు లేచిపోయాయి. మరుసటి ఆదివారానికీ కరెంటు రాలేదు. కీబోర్డు, మైకులు అన్నీ మూగవోయాయి. మూలనున్న ఆర్గన్ దుప్పటి తీసి తొక్కితే కాస్త ఉబ్బసంతో పలికింది. చెట్లు పడి, ఇళ్లు దెబ్బతిని వచ్చిన జనం ఆరోజు పాడిన తీరు మళ్లీ వినలేదు. మైకు లేకపోవడం కూడా ఒక కారణమని నా అనుమానం. మైకు ఉంటే పాడేవారు పాడతారు, మిగతావారు వింటారు.

ఆ తర్వాత అసలు కష్టం తెలిసింది. తడిసిన చెక్క ఉబ్బి మెట్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తిత్తి గుడ్డ పగిలింది. కొన్ని రీడ్లు పలకడం మానేశాయి. విశాఖలో ఒక వాద్యాల దుకాణంవారు చూసి, దాన్ని కర్రల కిందికి అమ్మేయమన్నారు. మాస్టారు అప్పటికి లేరు. చీపురుపల్లి వైపు పద్యనాటకాలకు లెగ్ హార్మోనియం వాయించే ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి కబురు పెట్టాం. ఆయన వెనక చెక్కలు విప్పి, టార్చి వేసి చూసి, చాలాసేపటికి, “దీనికి రోగం లేదమ్మా, మురికి ఉంది,” అన్నారు. వానల్లో చెక్క పని ముట్టుకోకూడదని, సంక్రాంతి దాటాక వస్తానని వెళ్లిపోయారు. నాకు అక్కడే ఆయన మీద నమ్మకం కుదిరింది.

పని నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. రీడు అంటే వేలెడు పొడవు ఇత్తడి చట్రం, దాని మీద ఒక కొస రివెట్టుతో బిగించిన పల్చటి ఇత్తడి నాలుక. చిన్న కొక్కెంతో ఒక్కొక్క రీడును గూట్లోంచి లాగి, వార్తాపత్రిక మీద వరుసగా పరిచి, పక్కన పెన్సిలుతో అంకె వేశాను. వరుస తప్పితే ఇక అంతే సంగతులు. మూగబోయిన రీడ్లలో చాలావాటికి నాలుకకు, చట్రానికి మధ్య ఒక నలుసు ఇరుక్కుని ఉంది. ఆయన పల్చటి కాగితం దూర్చి అటూ ఇటూ లాగగానే అది రాలిపోయేది. మెత్తటి బ్రష్షుతో తుడవడం వరకే. నూనె చుక్క కూడా వేయనివ్వలేదు, నూనెకు దుమ్ము పడుతుందని. ఎలుకలు ఫెల్టు కొరికి లోపల గూడు కట్టుకున్నాయి. ఆ ఫెల్టంతా కొత్తగా అతికించాం. తిత్తులకు రబ్బరు పూత ఉన్న గుడ్డ తెప్పించి, వేడి జిగురుతో వేశాం. ఉబ్బిన మెట్ల పక్కలు గీకడానికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి వీణలు చేసే ఒకాయన వచ్చారు. పనసచెక్కతో పుట్టి పెరిగిన చేతులు. మెట్టును వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అప్పుడు ఉలి తీశారు.

చివరగా శ్రుతి కలపడం. రీడు నాలుక కొసను గీకితే స్వరం పెరుగుతుంది, రివెట్టు దగ్గర గీకితే తగ్గుతుంది. ఒక్క గీత ఎక్కువైతే మళ్లీ అటు చివర నుంచి సరిచేయాలి, నాలుక పల్చబడిపోతుంది. మా వాద్యంలో రెండు వరుసల రీడ్లు. ఒకే స్వరం రెండు చోట్ల మోగుతుంది. రెండిటికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా నాదం అలలా ఊగుతుంది. ఆయన గీకుతుంటే ఆ ఊపు నెమ్మదిగా సాగి సాగి, ఒకచోట ఆగిపోయేది. ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఉందని చెప్పాను. “అది సూది చూపిస్తుంది, మీరు నాదం వినండి,” అన్నారు. ఖర్చు మొత్తం ఒక మంచి కీబోర్డు ధరలో సగానికి రాలేదు.

వాయించడం వచ్చాక కూడా సంఘంతో నడవడం వేరే చదువు. వంద గొంతులు ఎప్పుడూ వెనక్కి లాగుతాయి. వాళ్ల కోసం ఆగితే వాళ్లు ఇంకా ఆగుతారు. మూడో చరణానికి పాట పాకుతుంది. గట్టిగా వాయిస్తే దారికి వస్తారనుకోవడం వట్టి భ్రమ. పాదం చివర చేతులు రెండూ ఎత్తేయాలి, వాళ్లతో పాటు మనమూ ఊపిరి తీసుకోవాలి, తర్వాతి పాదం మొదటి దెబ్బ ఖచ్చితంగా వేయాలి. ఆ నిశ్శబ్దమే వాళ్లను కదిలిస్తుంది. నేను వాయిస్తూ లోలోపల సాహిత్యం పాడుకుంటాను. పాడకుండా వాయించే రోజున ఊపిరికి చోటు ఇవ్వడం మరిచిపోతానని తెలుసు. సమాధి ఆరాధనలో మాత్రం ఈ లెక్కలేవీ చెల్లవు. అక్కడ కుటుంబం ఏడుపు ఎక్కడ ఆగితే అక్కడ పాట మొదలవుతుంది, ఎక్కడ అందుకుంటే అక్కడ ఆగుతుంది. పుస్తకం మూసి, వాళ్ల ముఖాలు చూస్తూ వాయించడమే.

పిల్లల క్లాసు సంగతికి వస్తాను. నా దగ్గర నేర్చుకునేవారిలో సగానికి పైగా మా సంఘం వారు కారు. గుమ్మానికి పసుపు కుంకుమ ఉన్న ఇళ్ల నుంచి, మసీదు వీధి నుంచి కూడా వస్తారు. పైడితల్లి సిరిమానోత్సవం మంగళవారం ఎవరూ రారు, నేనూ క్లాసు పెట్టను. అందరికీ మొదట గాత్రమే. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడగలిగాకే మెట్ల మీద వేలు. “కీబోర్డు నేర్పమంటే పాడిస్తున్నారేమిటండీ?” అని తల్లులు అడుగుతారు. నెల తర్వాత ఆ ప్రశ్న రాదు.

కొందరిని ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలకు పంపుతాను. ఇనిషియల్ తర్వాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు. మొత్తం 100 మార్కులు. మూడు పాటలకు 22 చొప్పున 66, స్కేళ్లు మొదలైన సాధనకు 14, రెండు చిన్న పరీక్షలకు 10 చొప్పున 20. 60 వస్తే పాస్, 75కు మెరిట్, 87కు డిస్టింక్షన్. ఐదో గ్రేడు దాకా ఆ చిన్న పరీక్షల్లో ఏ రెండు కావాలో మనమే ఎంచుకోవచ్చు. అప్పటికప్పుడు చూసి వాయించడం, విని చెప్పడం, ఆశువుగా వాయించడం, సంగీత పరిజ్ఞానం ఉంటాయి. పట్నం పిల్లలు చూసి వాయించడం తీసుకుంటారు. మావాళ్లకు చెవి, ఆశువు. పరీక్షకుడు నాలుగు స్వరాల ముక్క ఇచ్చి అల్లుకుపొమ్మంటాడు. మనోధర్మం అనే మాట విన్న పిల్లలకు అది భయపడవలసిన సంగతి కాదు. ఆటో నడిపే ఒకాయన కూతురు ఇచ్చిన ముక్కను పట్టుకుని మోహనలో తిరిగి వచ్చింది. తను చేసింది మోహన అని చెప్పడానికి దానికి ఇంగ్లీషు రాలేదు. పరీక్షకుడు అడగనూ లేదు, ఆ పరీక్షకు మంచి మార్కులే వేశాడు. తెలుగు మీడియం పిల్లలకు వాయించడం కంటే తెల్లదొరతో మాట్లాడాలన్న దిగులే ఎక్కువ. 2020 తర్వాత వీడియో తీసి పంపే పద్ధతీ వచ్చింది. దిగులు తగ్గింది గాని, వీధిలో ఉల్లిపాయల బండి మైకు ఆగేదాకా కాచుకుని మళ్లీ మళ్లీ తీయాలి.

ఈ పరీక్షలు అందరికీ అవసరమా అంటే, కాదు. ఫీజు వేలల్లో ఉంటుంది. అంత పెట్టలేని ఇంటి పిల్లను సర్టిఫికెట్టు పేరు చెప్పి ఇబ్బంది పెట్టను. బాగా పాడి, విన్నది వాయించగలిగితే నా లెక్కలో ఆ పిల్ల పాసే. ఉద్యోగం కోసం, విదేశీ చదువు కోసం కాగితం కావలసినవారు వేరు.

డిసెంబరు నెల గురించి చెప్పేదేమీ లేదు, నిద్ర ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ తిరిగి పాటలు, పిల్లల నాటకం, ఇరవై నాలుగో తేదీ అర్ధరాత్రి ఆరాధన. ఆ నెల సంపాదనే ఏడాదిలో నాకు కాస్త నిండుగా కనిపించేది. గుడి ఇచ్చే గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. ట్యూషన్లు, పెళ్లిళ్లు, స్కూలు వార్షికోత్సవాలు కలిస్తే గడుస్తుంది. ఇందులో బతకవచ్చా అని అడిగినవారికి ఇదే జవాబు.

ఇప్పుడు గుడికి కొత్త కీబోర్డు కొనాలని సంఘం తీర్మానించింది. దరువు, తీగలు, బాకాలు అన్నీ అదే వాయించే రకం కావాలని కుర్రవాళ్ల పట్టు. మీట నొక్కితే వచ్చే దరువులో మిశ్రచాపు ఎక్కడుందో చూపించమన్నాను. ఇంకా వెతుకుతున్నారు. కీబోర్డుకు నేను అడ్డం చెప్పలేదు. కీర్తనలకు దరువు మీట నొక్కకూడదని, పాత ఆర్గన్‌ను సామాను గదిలోకి నెట్టకూడదని మాత్రం రాసి ఇచ్చాను. మొదటిదానికి పెద్దలు ఒప్పుకున్నారు. రెండోది స్థలం కొలిచి చూసి చెబుతామన్నారు. ఆ మోహన అమ్మాయి తొలి ఆరాధనకు ఆర్గన్ మీదే వాయిస్తానంటోంది. కాళ్లు ఇంకా తిత్తులకు సరిగ్గా అందడం లేదు, బల్ల కాళ్లు కాస్త కోయించాలి. వడ్రంగి సోమవారం వస్తానన్నాడు.